లేని కట్టకి ఎర్రరంగు

డిసెంబరు 2

అత్తయ్యా,

ఫోన్ చేస్తే నీకు సగమే వినిపిస్తుందనీ, మిగతా సగం నువ్వే అల్లుకుని చుట్టాలందరికీ చెప్పేస్తావనీ నాన్న హెచ్చరించాడు. అందుకని కాగితం పట్టుకున్నాను. ఇందులో ఇంకో సుఖం కూడా ఉంది. నువ్వు నన్ను తిట్టాలంటే ముందు స్టాంపు అంటించాలి.

నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. ఆగు, నిట్టూర్చకు. నాలుగేళ్ళలో ఇది ఆరోదని నాకూ తెలుసు. బ్యాంకు కౌంటరు, బడి లైబ్రరీ, హోటల్ రిసెప్షను అంటూ నాన్న వేళ్ళు మడుస్తూ రెండో చేతికొచ్చాడు. కానీ ఈసారి ఎక్కడో చెప్తే నువ్వే లేచి కూర్చుంటావు. నువ్వు ముప్పై ఒక్క ఏళ్ళు తూము కాసిన చోటే. నువ్వు రిటైరై అంత దూరం వెళ్ళిపోయాక ఆ బీడునంతా మళ్ళీ ఉప్పునీటి చిత్తడిగా మార్చారు. చలికాలం రాగానే ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దిగుతున్నాయి. వాటిని చూడ్డానికి జనం బైనాక్యులర్లు మెళ్ళో వేసుకుని వస్తారు. వాళ్ళని బాట మీద నడిపించడం, ఏ పిట్ట ఏదో చెప్పడం, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాయడం నా పని.

పొద్దున్నే చిత్తడి ఎలా ఉంటుందో తెలుసా? అదేం ప్రశ్న, నీకు తెలియకపోవడమేమిటి. కానీ ఉల్లంకి పిట్టల్ని నువ్వు ఎప్పుడైనా పనిగట్టుకుని చూశావా? బస్సు తప్పిపోతోందన్నట్టు బురద మీద అటు పరిగెత్తుతాయి, ఇంట్లో తాళంచెవి మర్చిపోయినట్టు ఇటు పరిగెత్తుతాయి. పక్కనే నారాయణపక్షి గంటసేపు కదలకుండా నిలబడి వాటిని చూస్తుంది, ఆఫీసులో పై అధికారిలాగా.

నన్ను ఇంకా ఖాయం చెయ్యలేదు. ఈ నెల ఇరవై ఏడున, అమావాస్య పెద్దపోటు రోజు, చలికాలం నడక ఉంది. అది నేనే నడిపించాలి. సరిగ్గా నడిపిస్తే ఉంచుతారు, లేకపోతే లేదు. అత్తయ్యా, నేను అలారం మోగకముందే లేస్తున్నాను. ఇంతకుముందు ఏ ఉద్యోగంలోనూ ఇలా జరగలేదు. నాకు ఇక్కడ ఉండిపోవాలని ఉంది. నాన్నకి చెప్పకు, నవ్వుతాడు.

సముద్రాన్ని ఆపే మీ కట్ట సంగతి అడుగుతావు కదా. కట్ట బాగుంది. చాలా బాగుంది. తూము కూడా బాగుంది, తలుపు ఎత్తి కొలతగా నీళ్ళు వదులుతారు. చక్రానికి మొన్ననే ఎర్రరంగు కూడా వేశారు.

నీ మేనకోడలు


డిసెంబరు 9

ఏమే కోడలా,

ఎర్రరంగు ఎవడేశాడు?

నీ ఉత్తరంలో మిగతాదంతా బాగానే ఉంది కానీ నేను అక్కడే ఆగిపోయాను. తూము చక్రానికి ఎర్రరంగు వేస్తే తుప్పు కనిపించదు. తుప్పూ ఎరుపే, రంగూ ఎరుపే, ఒకరోజు చక్రం చేతిలోకి ఊడొచ్చేదాకా ఎవరికీ తెలియదు. నల్లరంగు వెయ్యాలి. నేను వచ్చిన ఏడాదే పెద్ద ఇంజనీరుతో ఈ విషయం మీద పోట్లాడాను. ఆయన బదిలీ అయ్యాడు, నల్లరంగు ఉండిపోయింది. ఇప్పుడు ఎవరి హయాంలో మార్చారో కనుక్కుని రాయి. అవసరమైతే నేను ఆఫీసుకి రాస్తాను.

నా తర్వాత తూము ఎవరు చూస్తున్నారు? చక్రం పూర్తిగా ఎత్తాలంటే నూట అరవై చుట్లు. మధ్యలో ఆపితే వెనక్కి తిరుగుతుంది. ఆ మనిషికి ఎవరైనా చెప్పారా?

నీ ఉద్యోగం గురించి నేనేమీ అనను. రెండో చేతిలో ఇంకా నాలుగు వేళ్ళున్నాయి.

ఇక్కడ కింద సైకిళ్ళ షాపువాడు పొద్దున్నుంచీ గొట్టాలు కొడుతున్నాడు. నాకు వినపడదు కాబట్టి నష్టం లేదు. కానీ నేల అదురుతోంది, అందుకే అక్షరాలు ఇలా వస్తున్నాయి. వయసు వల్ల అనుకోకు.

అత్త


డిసెంబరు 14

అత్తయ్యా,

నువ్వు చెప్పగానే వెళ్ళి గట్టిగా అడిగాను. వాళ్ళు ఒప్పుకున్నారు. చక్రం ఇప్పుడు నల్లగా ఉంది, రెండు పూతలు. నువ్వు ఆఫీసుకి రాయక్కర్లేదు. నిజంగా రాయక్కర్లేదు.

తూము చూసే మనిషి కొత్తవాడు. బక్కగా ఉంటాడు, మెత్తటి మనిషి. నూట అరవై చుట్లు అని చెప్తే తెల్లబోయాడు. పాపం, మొన్న చక్రం తిప్పుతుంటే నడుం పట్టేసింది. ఇక అతని గురించి చెప్పడానికేమీ లేదు.

నీతో ఒక పనిపడింది. మా దగ్గరున్న పోటు పట్టిక హార్బరుది. అక్కడ పోటు వచ్చాక ఎంతసేపటికి నీళ్ళు తూము దాకా వస్తాయో నాకు తెలియాలి. మామూలు రోజుల్లో నీళ్ళు బాట ఎక్కవు కాబట్టి ఇన్నాళ్ళూ అవసరం పడలేదు. పెద్దపోటు రోజు మాత్రం బాట మునుగుతుంది. ఆ లోపల అందరినీ వెనక్కి తేవాలి. నా ముందు ఉన్నాయన ఆ లెక్క బుర్రలో పెట్టుకుని అలాగే వెళ్ళిపోయాడు. మా పై అధికారి మేడంని అడగొచ్చు. కానీ ఆవిడ కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి చూస్తే, నాకు నా డిగ్రీ మీద కూడా అనుమానం వస్తుంది. నేను చదివింది చరిత్ర కదా, నీళ్ళ సంగతి నాకెవరు చెప్పారు?

నువ్వైతే నిద్రలో లేపి అడిగినా చెప్తావు. ఇరవై ఏడున హార్బరులో పోటు పది గంటలకి.

నీ మేనకోడలు


డిసెంబరు 19

కోడలా,

రెండు పూతలన్నావు, మధ్యలో ఒక పూట ఆరనిచ్చారా? సరే, అడిగితే మళ్ళీ చెరిపి వేయిస్తావు.

ఇక నీ లెక్క. హార్బరు సమయానికి గంటా నలభై నిమిషాలు కలుపు. సముద్రం మీద గాలి గట్టిగా ఉంటే పది తగ్గించు. నీళ్ళు కట్ట చుట్టూ పాయలోంచి పాములాగా తిరిగి రావాలి, అందుకు అంతసేపు. నువ్వు చెప్పిన రోజున పదకొండూ నలభై. అంతకు ఒక్క నిమిషం ముందు తూము రాయి తడిస్తే నా పేరు మార్చుకుంటాను. ముప్పై ఒక్క ఏళ్ళు రోజుకి రెండుసార్లు చూసిన లెక్క ఇది. మీ మేడం కళ్ళద్దాలు ఎక్కడికి జార్చినా భయపడకు.

ఈ ఉత్తరంతోపాటు పార్సిలు పంపుతున్నాను. అందులో ఉన్ని నడుంపట్టీ ఉంది. ఆ బక్కమనిషికి ఇవ్వు. నాకు మొదటి ఏడాది ఇదే తిప్పలు. లోపల బనీను మీద కట్టుకోవాలి, పైన కాదు. కట్టుకున్నాక ఎలా ఉందో నాలుగు ముక్కలు రాయమను.

నన్ను అడిగినందుకు సంతోషం. తొమ్మిదేళ్ళలో నన్ను తూము గురించి అడిగినవాళ్ళు లేరు.

అత్త


డిసెంబరు 29

అత్తయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

ఇరవై ఏడున పదకొండు మందితో తొమ్మిదింటికి బయల్దేరాను. పొగమంచు విడిపోయి ఎండ పల్చగా వచ్చింది. పళ్ళ డాక్టరుగా చేసి మానేసిన ఒక పెద్దాయన మొదటి నుంచీ నా ముందే నడిచాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే బైనాక్యులర్ తెచ్చుకుని, చెరో కన్నూ పెట్టి చూద్దామా వద్దా అని గొడవ. బాట చివర ఒక చెక్క గుడిసె ఉంది, మెట్లెక్కి కూర్చుని సందుల్లోంచి పక్షుల్ని చూడొచ్చు. పదీ ఇరవైకి అందులో ఉన్నాం. పదకొండింటికి వెనక్కి తిరగాలని నా లెక్క.

పదీ ముప్పై ఐదుకి చెల్లెలు అంది, "బాట ఏదమ్మా?"

బాట లేదు. చూస్తుండగానే మోకాలి లోతు నీళ్ళు. ఆ తర్వాత మూడున్నర గంటలు పన్నెండు మందిమి ఆ గుడిసెలో ఉన్నాం. ఒక బిస్కెట్ ప్యాకెట్. ఒక ఫ్లాస్కు టీ. పళ్ళ డాక్టరు అడుగు వేసి చూస్తానని దిగి ఒక బూటు సముద్రానికి సమర్పించి వచ్చాడు.

కానీ అత్తయ్యా, బురద మునిగిపోయేసరికి పక్షులన్నీ ఉన్న కాస్త మెరకకి వచ్చేశాయి. ఆ మెరక మేమున్నదే. గుడిసె చుట్టూ, మెట్ల మీద, కప్పు మీద కాళ్ళ చప్పుడు. బైనాక్యులర్ పెడితే మరీ దగ్గరై కనిపించడం మానేశాయి. మనం చూడ్డానికి వచ్చామా, మనల్ని చూడ్డానికి అవి వచ్చాయా అంది అక్క. ఉల్లంకుల్లో ఒకటి చిన్నది, మెడ వెనక్కి తిప్పి మూతి రెక్కల్లో దాచుకుని నిద్రపోతోంది. పళ్ళ డాక్టరు అది తెడ్డుమూతి ఉల్లంకి అన్నాడు. ఎంతో అరుదైన పిట్ట, మూతి చివర చిన్న చెంచాలా ఉంటుంది. పుస్తకంలో రాయమన్నాడు. మూతి కనిపిస్తే రాస్తానన్నాను. "నలభై ఏళ్ళు నోళ్ళు చూసినవాణ్ణి, మూసి ఉన్నా చెప్పగలను" అన్నాడు. మిగతా పది మందీ ఆయన వైపే. నేను రాయలేదు. ఒంటిగంటన్నర దాకా నాతో ఎవరూ మాట్లాడలేదు. బిస్కెట్లు కూడా నన్ను దాటుకునే వెళ్ళాయి.

మేడం పడవ పంపించింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ గంటా నలభై అన్న లెక్క ఎక్కడిదో రాతపూర్వకంగా చెప్పమంది. లెక్క నాదే, తప్పు నాదే అని రాసిచ్చాను. నన్ను ఉంచాలో పంపాలో పదిహేను రోజుల్లో తేలుస్తుంది. ఇంతకుముందు ఐదు ఉద్యోగాలు నేనే మానేశాను కదా, పొమ్మంటారేమో అని ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. అన్నం సహించడం లేదు.

లెక్క ఎందుకు తప్పిందో నీకు చెప్పాలి. అత్తయ్యా, కట్ట లేదు. రెండేళ్ళ క్రితమే రెండు చోట్ల గండి కొట్టారు. చిత్తడి మళ్ళీ బతకాలంటే సముద్రం లోపలికి రావాలి. తూము రాళ్ళు మాత్రం ఉన్నాయి, వాటి మధ్య తలుపు లేదు, చక్రం లేదు. నీళ్ళు ఇప్పుడు పాయ చుట్టూ తిరిగి రావు, గండిలోంచి అడ్డంగా వచ్చేస్తాయి. నీకు తెలిస్తే తట్టుకోలేవని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. నేను ఒక్క చిన్న అబద్ధంతో సరిపెడదామనుకున్నాను, నువ్వు రంగు అడిగావు, రంగు మార్చాను, మనిషిని అడిగావు, మనిషిని పుట్టించాను. నువ్వు కట్ట ఉందనుకుని లెక్క చెప్పావు, నేను కట్ట లేదని తెలిసీ ఆ లెక్క పట్టుకుని నడిచాను. ఇంత తెలివి మన ఇంట్లోనే సాధ్యం.

నడుంపట్టీ నేను కట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

నీ మేనకోడలు


జనవరి 3

పిల్లా,

కట్ట పోయిందని చెప్పలేకపోయావు, సరే. మీ నాన్న ఒట్టు వేయించాడు, సరే. వాడు నాకంటే ఏడేళ్ళు చిన్నవాడు, నన్ను చూస్తే వాడికి ఎప్పుడూ నేనే చిన్నదాన్నని అనుమానం. కానీ ఎర్రరంగు ఎందుకు వేశావే? ఆ రంగు వెయ్యమని వాడు ఒట్టు వేయించాడా? నేను మూడు రోజులు ఆ ఎరుపు గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. లేనివాడి నడుం కోసం కొట్టుకి వెళ్ళి, రెండు రకాల ఉన్ని పట్టుకు చూసి, మెత్తనిది ఏరాను.

కట్ట పోయిన సంగతి మీద నాకేమనిపిస్తోందో ఇంకా తెలియదు. తెలిశాక చెప్తాను.

నా లెక్క తప్పని రాసిచ్చావా? నీకెవరిచ్చారు ఆ హక్కు? మీ మేడంకి నేను ఇవాళే వేరే ఉత్తరం వేశాను. అందులో ఏముందో ఆవిడే చెప్తుంది.

అత్త


జనవరి 12

అత్తయ్యా,

చెప్పింది.

నిన్న పిలిచింది. బల్ల మీద నీ ఉత్తరం. కళ్ళద్దాలు జార్చకుండా, సరిగ్గా పెట్టుకుని, నాకు పైకి చదివి వినిపించింది. "అయ్యా లేక అమ్మా, మీ దగ్గర పనిచేసే మా కోడలు లెక్క తనదని రాసిచ్చింది. అది అబద్ధం. లెక్క నాది. లెక్కలో తప్పు కూడా లేదు, కట్ట ఉన్నన్నాళ్ళూ అది ఒప్పే. లేని చక్రానికి రంగులు వేసి, లేని మనిషికి నడుంనొప్పి తెప్పించింది మా కోడలు. ఆ పిల్లని తీసేస్తే తీసేయండి, ఉంచితే ఉంచండి. నా లెక్క తప్పని మాత్రం ఎక్కడా రాయకండి."

ఇలాంటి సిఫారసు ఉత్తరం ఎవరికైనా దొరుకుతుందా అత్తయ్యా?

మేడం కాగితం మడిచి, "నడుంనొప్పి కూడానా?" అంది.

"అవును మేడం."

"మన దగ్గర ఉన్నదల్లా ఆ లెక్కల పుస్తకం ఒక్కటే. చూడనిది చూశానని రాసే మనిషి చేతిలో దాన్ని ఎలా పెట్టను?"

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అప్పుడు సొరుగులోంచి ఇంకో ఉత్తరం తీసింది. పళ్ళ డాక్టరుది, నాలుగు పేజీలు, నా మీద ఫిర్యాదు. నీళ్ళ మధ్య ఇరికించినందుకు కాదు, బూటు పోయినందుకు కూడా కాదు. పదకొండు మంది ముక్తకంఠంతో చెప్పిన అరుదైన పక్షిని నేను మొండిగా పుస్తకంలో రాయలేదట. కింద పదకొండు సంతకాలు.

"ఎందుకు రాయలేదు?"

"మూతి కనిపించలేదు మేడం."

"మూడున్నర గంటలూ?"

"నిద్రపోతూనే ఉంది మేడం. నీళ్ళు తగ్గగానే అటు తిరిగి ఎగిరిపోయింది."

"పదకొండు మంది కోపం తెచ్చుకుంటే ఒక్క పిట్టని రాయలేదు. ఒక్క అత్తయ్య కోసం కట్టంతా కట్టి రంగు వేశావు. ఏమిటి నీ లెక్క?"

నోట్లోంచి వచ్చేసింది, "వాళ్ళు నాకేమీ కారు కదా మేడం."

ఆవిడ లెక్కల పుస్తకం నా వైపు జరిపింది. తర్వాత, "పుస్తకం నీ దగ్గరే ఉండనీ. చుట్టాల్ని మాత్రం లెక్కపెట్టకు" అంది. ఖాయం చేసింది అత్తయ్యా. ఒకటే షరతు. పెద్దపోటు వచ్చిన ప్రతిసారీ నేను వాచీ పట్టుకుని గండి దగ్గర నిలబడి, నీళ్ళు ఎప్పుడొచ్చాయో నా కళ్ళతో చూసి రాసుకోవాలి. ఇంకొకరి లెక్క పనికిరాదు, అది ఎంత గొప్ప లెక్కయినా. గొప్ప లెక్క అన్నది ఆవిడ మాటే.

వచ్చే పెద్దపోటు ఇరవై ఐదున. నీకు రైల్లో సీటు తీశాను. రాకపోతే నేనేమీ అనుకోను అని రాయబోయాను, అది నిజం కాదు. అనుకుంటాను.

నీ మేనకోడలు


జనవరి 29

కోడలా,

ఇంటికి చేరాను. రైల్లో ఎదురు సీటావిడ దారంతా మాట్లాడిందట, నాకు వినపడలేదు, ఆవిడ మాత్రం దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, మీలాంటి ఓపికగల మనిషిని చూడలేదని చెవి దగ్గర గట్టిగా అంది.

అక్కడ నీ ముందు అనని మాట ఇప్పుడు రాస్తున్నాను. నేను ఏడుస్తానని చేతిలో రుమాలు మడిచి పట్టుకుని నిలబడ్డావు. చూశాను. మధ్యమధ్యలో మీ మేడం వైపు చూశావు, అదీ చూశాను.

నేను ముప్పై ఒక్క ఏళ్ళూ తలుపుకి ఇవతలే ఉన్నాను. అవతల నీళ్ళెంత ఉన్నాయో కొలతరాయి మీద అంకె చూసి పుస్తకంలో రాసేదాన్ని. నాకు తెలిసింది అంకె. మొన్న ఆ గండిలోంచి నీళ్ళు ఒక్కసారిగా లోపలికి వస్తుంటే, గట్ల మీద గడ్డి పడుకుంటుంటే, నీ ఉల్లంకులన్నీ ఒక దుప్పటి దులిపినట్టు లేస్తుంటే, నాకు ఒకటే అనిపించింది. ఇంత సముద్రాన్నా నేను ఒక చక్రంతో ఆపింది? తలుపు ఉన్నన్నాళ్ళూ అదెంతదో చూసే వీలే లేకపోయింది. తలుపు తీసేశాకే నా పని ఎంతో నాకు కనిపించింది. కళ్ళు తడయ్యాయి, నిజమే. నువ్వు రుమాలు ఇచ్చావు, తీసుకున్నాను. అది దుఃఖం అనుకుని నువ్వు మీ నాన్నకి ఫోన్ చేసి ఉంటావు. దుఃఖం కాదు, గర్వం. వాడికి అది కూడా చెప్పు. పాపం, వాడు ఇప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు, నేను వినపడనట్టు పెట్టేశాను.

నువ్వు నడకకి వచ్చినవాళ్ళందరి ముందూ నిలబడి, "ఇది ఏ పిట్టో నాకు తెలియదండీ" అని రెండుసార్లు అన్నావు. ఆ పళ్ళ డాక్టరు మళ్ళీ వచ్చాడు కదా, కొత్త బూట్లతో, ఆయనకి ముఖం మాడిపోయింది. నాకు బాగా నచ్చింది. నువ్వు అక్కడ ఉండిపోతావు. ఇది లెక్క కాదు, నా కళ్ళతో చూసింది.

వాళ్ళకి చెప్పినట్టే నాకూ చెప్పు. చలి వేస్తే చలి అను, భయం వేస్తే భయం అను, ఏదైనా కూలిపోతే కూలిపోయిందను. కూలిందానికి నాకోసం రంగు వెయ్యకు. నేను నీళ్ళ మధ్య బతికినదాన్ని, కరిగిపోను. ఇకమీద నాకు ఉత్తరం రాసేటప్పుడు మాత్రం, నేను నీకేమీ కాననుకుని రాయి.

నీ అత్తయ్య